నాన్న ఆటకి వెళ్ళాడు

(తరగతి బ్లాగు గురించి విశాఖపట్నంలో తోటి ఉపాధ్యాయుల ముందు ఒక తెలుగు టీచరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత మాట్లాడమన్నారు. కునుకు తీసేవాళ్ళు తీయొచ్చు, నేనేం అనుకోను. ఎనిమిదో తరగతికి ఐదో పీరియడు చెప్పి చెప్పి నాకు అలవాటైపోయింది. (నవ్వులు)

'పిల్లలతో బ్లాగు నడుపుతున్నారట కదా మేడం, ఎలా పెట్టాలో చెప్పండి' అని పిలిచారు. పెట్టడానికేముంది? జీమెయిల్ ఉంటే చాలు, గూగుల్ వాళ్ళ బ్లాగర్‌లో పది నిమిషాల్లో అయిపోతుంది. పైసా ఖర్చు లేదు. రేషన్ కార్డులో పేరు ఎక్కించడం కంటే వెయ్యి రెట్లు తేలిక. ఆ నొక్కుళ్ళు తర్వాత చూద్దాం. నేను పెట్టిన మొదటి బ్లాగు ఎలా చచ్చిపోయిందో ముందు వినండి.

అప్పుడు నా క్లాసులో 38 మంది. మహా ఉత్సాహంగా మొదలుపెట్టాను. పైన ఆర్కే బీచ్‌లో సూర్యోదయం బొమ్మ, కింద మంచి పేరు, పక్కన సుభాషితం. హెడ్మాస్టారు గారి చేత బటన్ నొక్కించి చప్పట్లు కూడా కొట్టించాను. పిల్లలకి అంశాలిచ్చాను: దీపావళి, పర్యావరణ పరిరక్షణ, పుస్తక పఠనం. మీరూ ఇచ్చుంటారు, నవ్వకండి. కాగితాలు వచ్చాయి. దీపావళి మీద రాసినవాళ్ళలో పదకొండు మంది మొదటి వాక్యం ఒకటే: 'దీపావళి అనగా దీపముల వరుస.' గైడులోది. ఇంట్లో కూర్చుని రాత్రి పదకొండు దాకా అవన్నీ నేనే టైపు చేశాను. చూసినవాళ్ళ లెక్క బ్లాగులో కనబడుతుంది కదా, నెల తర్వాత చూస్తే 41. అందులో ముప్పై సార్లు చూసింది నేనే అయ్యుంటాను. సంక్రాంతి సెలవులకి మూతపడింది. తెరిచి అడిగినవాళ్ళు లేరు. రాసిన పిల్లలు కూడా అడగలేదు.

అది నన్ను బాగా గుచ్చింది. పిల్లలకి రాయడం రాదనుకుందామా అంటే, ఆ పిల్లలే డ్రిల్ పీరియడులో నిన్న హార్బర్‌లో జరిగిన గొడవని గంటసేపు చెప్పుకుంటారు. ఒక్క మాట కూడా గైడులోది ఉండదు. కాగితం ముందు కూర్చోగానే 'అనగా' వచ్చేస్తుంది. ఎందుకొస్తుందో ఆలోచిస్తే, తప్పు నా దగ్గరే కనబడింది. బళ్ళో పిల్లవాడు రాసేది ఒక్కరి కోసం. ఆ ఒక్కరూ నేనే. నేను చదివేది తప్పుల కోసం. మనం ఏదో మనసులో మాట చెబుతుంటే ఎదుటి మనిషి వినకుండా మన పళ్ళు లెక్కపెడుతున్నాడనుకోండి, రెండోసారి చెబుతామా?

సరిగ్గా ఆ రోజుల్లోనే సెలెస్టాన్ ఫ్రెనే అనే ఫ్రెంచి బడిపంతులు గురించి తెలిసింది. 1896లో పుట్టినాయన. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి దెబ్బ తగిలింది, గంటలకొద్దీ గొంతు పెట్టి పాఠం చెప్పలేడు. ఆల్ప్స్ కొండల దిగువన ఒక పల్లెటూరి బడిలో పని. 1920ల్లో తరగతి గదిలోకే ఒక చిన్న అచ్చు యంత్రం తెచ్చుకున్నాడు. పిల్లలు తమ ఊళ్ళో చూసినవి చెబితే, వాటిని పిల్లల చేతే అక్షరం అక్షరం పేర్పించి అచ్చు వేయించేవాడు. సీసపు అక్షరం ఒక్కొక్కటీ ఏరి పెట్టాలంటే ప్రతి అక్షరాన్నీ చూడకుండా కుదరదు కదా. అయితే నాకు నచ్చింది యంత్రం కాదు. ఆ అచ్చు కాగితాల్ని ఆయన ఎక్కడో అట్లాంటిక్ తీరంలో ఉన్న ఇంకో ఊరి బడికి పంపేవాడు. అక్కడి నుంచి వాళ్ళవి వచ్చేవి. కొండ పిల్లలూ సముద్రం పిల్లలూ ఒకళ్ళవి ఒకళ్ళు చదువుకునేవాళ్ళు.

కొండ, సముద్రం. మనకి రెండూ ఉన్నాయి కదండీ! నాతో బీఈడీ చదివిన స్నేహితురాలు పాడేరు కొండల వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో చేస్తోంది. ఆ రాత్రే ఫోన్ చేశాను. 'నీ ఎనిమిదో తరగతి వాళ్ళు నా ఎనిమిదో తరగతి వాళ్ళు రాసినవి చదువుతారా? చదివి ఒక్క పని చేయాలి. ప్రశ్న అడగాలి. బాగుంది, సూపర్ అని మాత్రం రాయకూడదు.' ఒప్పుకుంది. వాళ్ళ హాస్టల్ దగ్గర సిగ్నల్ రావాలంటే నీళ్ళ ట్యాంకు దాకా నడవాలి. అందుకని మొదటి రెండు నెలలు బ్లాగే లేదు. పిల్లల కాగితాలు గోడపత్రికలా చార్టు మీద అంటించి, చుట్టి, పాడేరు బస్సులో వెళ్ళే ఒక మాస్టారి చేతికిచ్చేదాన్ని. ప్రశ్నలు కూడా అలాగే చుట్ట చుట్టుకుని దిగేవి.

ఒక్క కాగితం గురించి చెబుతాను. మా క్లాసులో ఒక అమ్మాయి. తల్లి ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని, తట్టలో పెట్టుకుని వీధుల్లో అమ్ముతుంది. అమ్మాయి రాసింది ఐదు వాక్యాలు. 'మా అమ్మ తెల్లారకుండా లేచి హార్బర్‌కి వెళ్తుంది. చేపలు కొంటుంది. ఐసు వేస్తుంది. వీధుల్లో అమ్ముతుంది. ఇంటికి వస్తుంది.' అయిపోయింది. పాత అలవాటు ప్రకారమైతే కింద ఎర్ర పెన్నుతో 'ఇంకా వివరంగా రాయాలి' అని రాసి పదికి నాలుగు వేసేదాన్ని. అప్పుడా అమ్మాయి ఏం చేసేది? ఇంకో రెండు వాక్యాలు గైడులోంచి తెచ్చేది.

పాడేరు నుంచి ప్రశ్నలొచ్చాయి. చేపకి ఐసు దేనికి? ఎంత వేస్తారు? అది కరిగితే నీళ్ళు ఎక్కడికి పోతాయి? అమ్ముడుపోని చేపని ఏం చేస్తారు? ఆ అమ్మాయి చదువుకుని 'ఐసు దేనికో కూడా తెలీదా ఈళ్ళకి!' అని నవ్వింది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. 'మేడం, నీళ్ళు ఎక్కడికి పోతాయో నాకూ తెలీదు' అంది. ఆ ఆదివారం నాలుగింటికి లేచి తల్లితో హార్బర్‌కి వెళ్ళింది. సోమవారం రెండు పేజీలు తెచ్చింది. ఐసు దిమ్మని పగలగొట్టి పొడి చేయడం, ఒక వరస ఐసు ఒక వరస చేప పేర్చడం, మిగిలిన చేపకి ఉప్పు పట్టించి ఎండబెట్టడం అన్నీ ఉన్నాయి. మధ్యలో ఇలా ఉంది: 'ఐసు కరిగిన నీళ్ళు తట్టలోంచి అమ్మ మెడ మీద పడతాయి. అందుకని అమ్మ చుట్టకుదురు కింద పాల ప్యాకెట్టు కవరు పెట్టుకుంటుంది. నేను ఇన్నాళ్ళూ అది జుట్టుకి చేపల వాసన అంటకుండా అనుకున్నాను.'

ఇరవై రెండేళ్ళుగా నేను వ్యాసరచన చెబుతున్నాను. ఆ పాల ప్యాకెట్టు కవరు దగ్గరికి నేను ఎవర్నీ తీసుకెళ్ళలేకపోయాను. ఏమీ తెలియని కొండ పిల్లలు నాలుగు ప్రశ్నలతో తీసుకెళ్ళారు.

అందుకే, బ్లాగు పెడదామనుకునే మాస్టార్లకి నేను చెప్పేది ఒకటే. ముందు చదివేవాళ్ళని వెతుక్కోండి. లోకమంతా చదువుతుందని పిల్లలకి చెప్పకండి. లోకం చదవదు. ఒక క్లాసు చాలు. వాళ్ళకి మన పిల్లల బతుకు తెలియకపోతే మరీ మంచిది.

ఇక భాష సంగతి. ఇక్కడ తెలుగు పండితులు చాలామంది ఉన్నారు, కొంచెం వేడిగానే ఉంటుంది. ఒక కుర్రాడు 'నాన్న ఏటకి ఎల్లిపోనాడు' అని రాశాడు. వాళ్ళది జాలరిపేట. నేను దిద్దాను: నాన్న వేటకు వెళ్ళిపోయాడు. చదివి, 'మేడం, ఇది మా నాన్నలాగ లేదు' అన్నాడు. వాడు ఎదిరించి అనలేదు. నిజంగా వెతుక్కుంటున్నట్టు అన్నాడు.

మన గిడుగు రామ్మూర్తి పంతులు గారు పుట్టింది ఈ గాలిలోనే, శ్రీకాకుళం దగ్గర, 1863 ఆగస్టు 29న. పర్లాకిమిడిలో బడి పంతులు. సవర గిరిజన పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకున్నాడు, ఆ భాషకి నిఘంటువూ వ్యాకరణమూ రాశాడు. ఆయన పుట్టినరోజున మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. 29వ తేదీ పిల్లాడికి పంచె కట్టి ఆయన మీద ఉపన్యాసం చెప్పిస్తాం, 30వ తేదీ వాడు 'ఏటి మేడం' అంటే నెత్తిన మొట్టికాయ వేస్తాం. (నవ్వులు) నేనూ వేసినదాన్నే.

చివరికి మేం ఒక ఒప్పందానికొచ్చాం. మనుషులు అన్న మాటలు అన్నట్టే ఉంటాయి. పిల్లవాడు తన తరఫున చెప్పే వాక్యాలు పుస్తకాల భాషలో ఉంటాయి, ఎందుకంటే వాడు రేపు పదో తరగతి పరీక్ష రాయాలి, అక్కడ పేపరు దిద్దేవాళ్ళకి ఈ కథంతా తెలియదు. ఇది పూర్తిగా న్యాయమని నేను అనను. ప్రస్తుతానికి నడుస్తోంది. పాడేరు పిల్లలు 'ఏట అంటే?' అని అడిగారు. అక్కడ కొందరి ఇంటిభాష తెలుగు కానే కాదు. దాంతో మావాళ్ళు బ్లాగులో మాటల పట్టిక ఒకటి మొదలుపెట్టారు. అర్థాలు ఇళ్ళల్లో అడిగి రాస్తారు. తెప్ప అన్న ఒక్క మాట కోసం ముగ్గురు తాతలు కొట్టుకున్నంత పని చేశారట.

టైపింగ్ గురించి అందరూ అడుగుతారు. మా దగ్గర ఉన్నది నా ఫోను, ఒక పాత ల్యాప్‌టాప్. ఐదుగురు ఒక జట్టు, వారానికి ఒక జట్టుది వంతు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చే కీబోర్డు ఇప్పుడు దాదాపు ప్రతి ఫోనులో ఉంది. ల్యాప్‌టాప్‌లో అయితే అలాగే తెలుగు కొట్టించే లేఖిని అనే వెబ్‌సైటు వాడతాం. 2006 ప్రాంతంలో తెలుగు బ్లాగులు రాసినవాళ్ళు దాంతోనే పెరిగారు, అదింకా పనిచేస్తోంది. ఒక్క జాగ్రత్త. దగ్గర్లో డీటీపీ షాపు ఉంది కదా అని అక్కడ అను ఫాంట్లలో కొట్టించి తెచ్చి బ్లాగులో అతికించకండి. అది యూనికోడ్ కాదు, అంటే అన్ని ఫోనులూ కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి కాదు. అచ్చులో బంగారంలా ఉంటుంది, బ్లాగులో పెట్టగానే ఇంగ్లీషు అక్షరాల చెత్తకుప్ప అయిపోతుంది. నేను పేజీకి నలభై రూపాయల లెక్కన ఆ చెత్త కొనుక్కొచ్చాను.

నోటితో చెబితే టైపు చేసే మైకు కూడా వాడి చూశాం. ఇందాకటి కుర్రాడు ఫోను పట్టుకుని 'నాన్న ఏటకి ఎల్లినాడు' అన్నాడు. ఫోను 'నాన్న ఆటకి వెళ్ళాడు' అని కొట్టింది. మళ్ళీ గట్టిగా అన్నాడు. మళ్ళీ ఆటకే వెళ్ళాడు. మూడోసారి క్లాసంతా లేచి అరిచారు. పక్క క్లాసు మాస్టారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఆ వారం ఆ జట్టు పెట్టిన టపాకి పేరు అదే: నాన్న ఆటకి వెళ్ళాడు. అందులో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం గురించి రాశారు. ఆ 61 రోజులూ మరపడవలు కదలవు, చేపలు గుడ్లు పెట్టే కాలం. బడి సెలవులూ అప్పుడే కాబట్టి తండ్రీ కొడుకులు ఇద్దరూ ఇంట్లోనే. నాన్న వల బాగుచేసుకుంటాడు, సాయంత్రం వీధి అరుగు మీద పేకాడతాడు. 'ఫోను చెప్పింది ఆ రెండు నెలలకి కరెక్టే' అని ముగించారు. నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. ఇది చెప్పకుండా వెళ్ళిపోతే మీకు అన్యాయం చేసినట్టే.

రెండో ఏడాది ఒక పిల్లవాడు తండ్రి తాగుడు గురించి రాశాడు. చాలా బాగా రాశాడు. రాత్రి తలుపు చప్పుడు ఎన్ని రకాలుగా ఉంటుందో, ఏ చప్పుడు విని అమ్మ ఏ గిన్నె దాస్తుందో రాశాడు. నేను చదివి కన్నీళ్ళు పెట్టుకున్నాను. ఆ సాయంత్రమే బ్లాగులో పెట్టేశాను. పేరు వేయలేదు. కానీ ఏ జట్టు రాసిందో పైన ఉంటుంది, వీధి గురుతులు లోపల ఉన్నాయి. మూడు రోజుల్లో వాళ్ళ వీధి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. టీ కొట్టు దగ్గర ఎవరో తండ్రి ఎదుటే పైకి చదివారట. పిల్లవాడు తొమ్మిది రోజులు బడికి రాలేదు. తల్లి వచ్చింది. కేకలు వేస్తుందనుకున్నాను. 'మీకు మావోడి మీద ప్రేమే మేడం, నాకు తెలుసు. కానీ ఇల్లు మాది కదా' అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. టపా అప్పటికే తీసేశాను, కానీ ఫోనుల్లోకి పోయినదాన్ని ఎవరు తీయగలరు?

మా పద్ధతులన్నీ ఆ తొమ్మిది రోజుల తర్వాత పుట్టినవే. రాసినది వెంటనే పెట్టం, వారం రోజులు నా బీరువాలో ఉంటుంది. ఆలోపు పిల్లవాడు ఇంటికి తీసుకెళ్ళి, ఎవరి గురించి రాశాడో వాళ్ళకి చదివి వినిపించాలి. వాళ్ళు వద్దంటే లేదు. పిల్లవాడు ఎప్పుడు, ఏ కారణం చెప్పకుండా తీసేయమన్నా తీసేయాల్సిందే. కొన్ని కాగితాలు నేను మాత్రమే చదివేవిగా ఉండిపోతాయి. వాటి సంగతి బ్లాగులో కాదు, వాళ్ళ ఇంటికి వెళ్ళి చూసుకోవాలి.

తల్లిదండ్రుల సంతకం జూన్‌లోనే తీసుకోండి. తెలుగులో, అర్థమయ్యేలా ఒక పేజీ. చదవలేనివాళ్ళకి చదివి వినిపించండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు అందరినీ పిల్లలనే అంటుంది, వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చట్టం లేకపోయినా ఆ తల్లి అన్న మాట చాలు నాకు. పిల్లలకి విడివిడిగా అకౌంట్లు తెరవం. గూగుల్ అకౌంటు సొంతంగా తెరుచుకోవడానికి 13 ఏళ్ళు నిండాలి, ఎనిమిదిలో సగం మందికి నిండవు కూడా. ఒకటే అకౌంటు, నా చేతిలో. ముఖాలు కనబడే ఫొటోలు లేవు. చేతులు, వలలు, కుక్కలు, చెప్పులు ఎన్నైనా పెట్టుకోవచ్చు. ఫోను కెమెరాలో లొకేషన్ ఆపేసి తీయండి, లేకపోతే ఫొటో ఎక్కడ తీశామో ఆ ఫొటోలోనే దాగి ఉండే ప్రమాదం ఉంది.

ఇందాక వాయిదా వేసిన నొక్కుళ్ళు ఇవిగో. బ్లాగర్ సెట్టింగుల్లో రీడర్ యాక్సెస్ అని ఉంటుంది. అది పబ్లిక్ అని ఉంటే కస్టమ్ రీడర్స్‌కి మార్చండి. మీరు పిలిచినవాళ్ళు తప్ప వేరేవాళ్ళు తెరవలేరు. మేం పిలిచింది పాడేరు టీచర్ని, కొందరు తల్లిదండ్రుల్ని, హెడ్మాస్టారు గారిని. వ్యాఖ్యలు మీరు చూసి ఒప్పుకున్నాకే కనబడేలా మోడరేషన్‌ని ఎప్పుడూ ఉండేట్టు పెట్టండి. అంతే. రంగులూ బొమ్మలూ పిల్లలు మీకంటే బాగా చేస్తారు.

అంశాల మాటకొస్తే, గూగుల్‌లో దొరికేది అడిగితే గూగుల్‌లోదే వస్తుంది. ఇప్పుడు అడిగితే వ్యాసమంతా రాసిపెట్టే యాప్‌లు కూడా వచ్చాయి. వాటితో నాకేం గొడవ లేదు, వాటికి తెలియనిది అడుగుతాను. మీ వీధి కుళాయి ఎన్నింటికి వస్తుంది, మొదటి బిందె ఎవరిది, ఎందుకు? ఇది ఏ యాప్ చెబుతుంది?

ఒకసారి హుద్‌హుద్ తుపాను గురించి అడిగాను. 2014 అక్టోబరు 12, మనకి ఎవరికీ మరుపు రాదు. కానీ ఆ పిల్లలు అప్పటికి పాలు తాగే పిల్లలు. ఊళ్ళో ఏం జరిగిందో వద్దు, ఆ ఆదివారం మీ ఇంట్లో ఏం జరిగిందో అమ్మని అడిగి రాయమన్నాను. ఒకమ్మాయి రాసింది: రేకులు లేచిపోతుంటే అమ్మ తనని ఖాళీ బియ్యం డ్రమ్ములో కూర్చోబెట్టి, దాని మీదకి వంగి పట్టుకుని ఉండిపోయిందట. 'ఆ డ్రమ్ము ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, నేనిప్పుడు అందులో పట్టను' అని రాసింది. తుపాను అంటే సముద్రం వాళ్ళ వ్యవహారమే అని మావాళ్ళ లెక్క. పాడేరు నుంచి జవాబొచ్చింది: ఆ గాలికి కాఫీ తోటల్లో నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు వరసగా కూలిపోయి కాఫీ మొక్కల మీద పడ్డాయని వాళ్ళ తాత చెప్పాడట. ఒకే గాలి కొండెక్కి వాళ్ళ దాకా వెళ్ళిందని మా క్లాసుకి ఆ రోజే తెలిసింది. నాకూ అంతగా తెలియదు, ఒప్పుకుంటున్నాను. మా కరెంటు ఎప్పుడొస్తుందా అన్న గొడవలో ఉన్నాం అప్పుడు.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు దీనివల్ల మార్కులు పెరిగాయా అని అడుగుతారు. కొందరికి పెరిగాయి, కొందరికి పెరగలేదు. అక్షర దోషాలు మాత్రం తగ్గాయి. నేను దిద్దినందుకు కాదు. వాళ్ళు 'వల' అని కొట్టబోయి 'వాల' అని కొడితే పాడేరు వాళ్ళు వెంటనే 'వాల అంటే ఏ చేప?' అని అడిగారు. ఆ సిగ్గు ఎర్ర పెన్నుకి ఎక్కడిది?

టైమ్ అయిపోయిందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం.

పోయిన వారం పాడేరు నుంచి ఒక ప్రశ్న వచ్చింది. అక్కడి ఆరో తరగతి పిల్ల ఒకతె, అక్క పక్కన కూర్చుని మా బ్లాగు చూస్తూ అడిగిందట. సముద్రం ఎప్పుడూ చూడలేదు. 'రాత్రిపూట అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయాక కూడా అలలు వస్తాయా?' మావాళ్ళు పడీ పడీ నవ్వారు. నవ్వడం అయ్యాక జవాబు రాయడానికి కూర్చున్నారు. 'వస్తాయి' అని రాసి, అంతేనా అని కొట్టేశారు. ఒకడు చంద్రుడి గురించి సైన్సు పుస్తకంలోంచి తెచ్చాడు, అది ఆరో తరగతికి అర్థం కాదని మిగతావాళ్ళు తీసేశారు. ఐసు అమ్మాయి రాత్రి వాళ్ళ ఇంట్లో పడుకుంటే వినబడే చప్పుడు గురించి నాలుగు లైన్లు రాసింది, తనకే నచ్చలేదు. వేటకెళ్ళే వాళ్ళ నాన్నని అడిగొస్తానని కుర్రాడు చెప్పాడు, ఆయన పడవ ఇంకా ఒడ్డుకి రాలేదు. సోమవారం ఐదో పీరియడులో మళ్ళీ కూర్చుంటారు.